ఎడమ అంచు

మా అక్క తాలిన్ నేసిన గుడ్డకు వంక పెట్టినవాళ్ళు మా కొండల్లో లేరు. వంక పెట్టగలిగిన మనిషి ఒక్కతే ఉండేది, షెపా. కానీ షెపా నేతను మా అక్క అప్పటికే నలుగురిలో నవ్వులపాలు చేసి ఉండటంతో, ఆవిడ ఏమన్నా కడుపుమంట కొద్దీ అంటోందని జనం కొట్టిపారేసేవాళ్ళు.

నేను తాలిన్ చెల్లెల్ని, పెత్రోనాని. నాకు నేత రాదు. అమ్మ నా నడుముకి మగ్గం పట్టీ బిగించిన ప్రతిసారీ పడుగు పీటముడి పడేది. "దీన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టండి, నూలైనా మిగులుతుంది" అని అమ్మ చేతులెత్తేసింది. అప్పట్నుంచీ సంతలో మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్ముకుంటున్నాను. అయినా నేత గురించి నాలుగు మాటలు అనకుండా ఉండలేను. పని చేతకానివాళ్ళకే కదా కబుర్లెక్కువ.

మా ఊళ్ళో పునీత అంద్రేసు సేవా సంఘానికి పెద్దగా ఎన్నికైన మగవాడికి అతని భార్యే తలగుడ్డ నెయ్యాలి. తల్లి నేస్తే చెల్లదు, అక్కచెల్లెళ్ళు నేస్తే చెల్లదు, సంతలో కొంటే అసలే చెల్లదు. ఎర్రటి గుడ్డ మీద రెండు తలల డేగ, నాలుగు మూలలా పట్టు కుచ్చులు. ఊరేగింపులో ఆ గుడ్డ తలకు చుట్టి, వెండి కర్ర పట్టుకుని పునీతుడి విగ్రహం ముందు నడిచినవాడు, పోయాక దాన్నే ముఖాన కప్పుకుని మట్టిలోకి వెళ్తాడు. అవతల ఉన్న మన పెద్దలు ముఖం చూసి పోల్చుకోరు. మట్టిలో ముఖం ఎన్నాళ్ళుంటుంది గనుక? గుడ్డ చూసి, ఇది ఫలానా ఇంటి నేత, మనవాడే, రానివ్వండి అంటారు. గుడ్డ లేనివాడు గుమ్మం బయటే నిలబడిపోతాడు.

బావ గస్పార్‌కి వెండి కర్ర దక్కిన ఏడు అక్క గుడ్డ నెయ్యడానికి కూర్చుంది. మా మగ్గానికి కాళ్ళుండవు. ఒక కొస వసారా స్తంభానికి, రెండో కొస నేసే మనిషి నడుముకి. మనిషి వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఎవరి ఒంటి తీరు వాళ్ళ గుడ్డలోకి దిగిపోతుంది, దాచినా దాగదు. అక్క డేగకు ఒక తల నేసేసరికి ఊదా పట్టు అయిపోయింది. పక్కింట్లో అడగవే అంటే వింటేనా! తన పెళ్ళి రవిక మీది ఊదా పోగులు ఊడదీసి రెండో తల నేసింది. ఒక తల కొత్త ఊదా, ఒక తల వెలిసిన ఊదా.

బావ దాన్ని చుట్టుకుని అద్దం ముందు నుంచి కదలడే. "మెరిసే తల నాది, వెలిసిన తల నీది" అన్నాడు.

"అద్దం కాస్త తుడిచి చూసుకో, ఏది ఎవరిదో తెలుస్తుంది" అంది అక్క.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా బావ అంత గొప్పవాడేం కాదు. మొండివాడు, గొంతు లేకపోయినా పాడేవాడు, వినకపోతే అలిగేవాడు. కానీ పిల్లలు పుట్టలేదని మా అక్కను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. నాకు అదొక్కటీ చాలు.

ఆ కర్ర ఏడాదికోసారి చేతులు మారుతుంది. దిగిపోయేవాడూ కొత్తగా ఎక్కేవాడూ పునీతుడి ముందు మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటారు. ఎవరి గుడ్డ వాళ్ళు విప్పి ఎదుటివాడి తలకు చుడతారు. ఎనిమిది రోజులపాటు అది దిగకూడదు, నిద్దట్లో కూడా. ఎనిమిదో రోజున భార్య తన మొగుడి తల మీది పరాయి గుడ్డ విప్పి, వాగులో ఉతికి ఆరబెట్టి, కొవ్వొత్తీ వేడి కోకో పానకమూ పట్టుకుని ఆ ఇంటి గుమ్మానికి వెళ్తుంది. "మీ ఇంటి గుడ్డ మీ ఇంటికొచ్చింది, మా ఇంటి గుడ్డ మా ఇంటికి పంపండి" అనాలి. ఆ మాటతో మగవాళ్ళిద్దరూ అన్నదమ్ములైపోతారు, ఆడవాళ్ళిద్దరూ తోడికోడళ్ళైపోతారు.

మా బావ దగ్గర కర్ర అందుకోవలసినవాడు మతియాస్, షెపా మొగుడు.

ఆ ఏడు తిరుగుబాటుదార్ల కోసమని సైనికులు కొండ మీద మకాం వేసి ఉన్నారు. నలుగురు ఒకచోట చేరితే ఊరుకోమన్నారు. మతియాస్ భయస్తుడు. భయస్తుడని తప్పుపట్టను, అతనికి చంటిపిల్లలు. మా ఇంటికొచ్చి వసారాలో నిలబడి, "ఈ ఏటికి ఆపుదాం అన్నా, పరిస్థితి బాగాలేదు" అన్నాడు.

"పునీతుడి పని సైనికుల్ని అడిగి చేస్తామటరా?" అన్నాడు బావ. "కూర్చో. పానకం తాగు. ఏమీ కాదు."

గుడ్డలు మార్చుకున్నారు. ఎనిమిది రోజులు గడవకుండానే, ఒక సంత రోజున, లారీలు వచ్చాయి. పునీతుడి విగ్రహం ఉంచే ఇంట్లో ఉన్న మగవాళ్ళందర్నీ ఉన్నపళంగా ఎక్కించుకుపోయారు. వాళ్ళలో బావ తమ్ముళ్ళిద్దరూ ఉన్నారు. షెపా నేసిన గుడ్డ మా బావ తల మీద ఉంది, మా అక్క నేసిన గుడ్డ మతియాస్ తల మీద ఉంది. మళ్ళీ ఎవర్నీ చూడలేదు.

ఆ తర్వాత మా ఊళ్ళో గుడ్డల మార్పిడి జరగలేదు. చేయించే పెద్దలే పోయాక ఎవరు చేయిస్తారు? ఇప్పటి పిల్లలకు అలాంటిదొకటి ఉండేదని కూడా తెలియదు.

ఇక షెపా. మగ్గం ముందు కూర్చున్నా, వాగు దగ్గర బట్టలుతుకుతున్నా ఒకటే మాట. "వాడి మొండితనం నా మొగుణ్ణి మింగింది. ఆపుదామన్నాడు నా మొగుడు, వింటేనా!" మా అక్క దానికి జవాబు చెప్పలేదు, ఎందుకంటే అది నిజం. నిజానికి జవాబు లేనప్పుడు మనిషి ఇంకోచోట గిల్లుతాడు. షెపా నేతలో ఎడమ అంచు కొంచెం వదులు. పోగు పోగుకీ లోపలికీ బయటికీ తూలుతూ ఉంటుంది. ఒక ఆదివారం గుడి మెట్ల మీద అక్క అందరూ వినేటట్టు, "చూశారా షెపా అంచు, తాగినవాడు ఇంటికి నడిచినట్టు లేదూ?" అంది. జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

షెపా నవ్వు అయ్యేదాకా ఆగింది. "అవునమ్మా, నా అంచు వంకరే. మగ్గం ముందు కూర్చున్నన్నాళ్ళూ నా ఎడమ తుంటి మీద ఒక బిడ్డ ఉండేవాడు. పాలు తాగుతూ ఒకడు, వాడు దిగితే ఇంకొకడు. ఆ బరువుకి అంచు వాలింది. నీ అంచు గీత గీసినట్టు ఎందుకుందో నేను చెప్పనా తాలిన్?"

అక్క ఇంటికొచ్చి ఆ పూట అన్నానికి కూర్చోలేదు, ఏడవనూ లేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఒకరి గుడ్డ వైపు ఒకరు చూసుకుని పోయేవాళ్ళు. ముఖం చూసుకున్నారో లేదో నాకు తెలియదు.

ముప్పై ఏళ్ళు దాటాక, గ్వాటెమాలా పట్నం నుంచి చదువుకున్న పిల్లలు వచ్చారు. పాత సైనిక మకాం దగ్గర తవ్వుతామన్నారు. ఆ మట్టిని వాళ్ళు తవ్వడం చూడాలి, పళ్ళు తోముకునే బ్రష్షుల్లాంటివి పెట్టుకుని చంటిపిల్లకు నోరు కడిగినట్టు కడుగుతారు. వెక్కిరించాలని వెళ్ళినదాన్ని, కాసేపటికి నోరు మూసుకుని కూర్చున్నాను. మనవాళ్ళని అంత మెల్లగా ముట్టుకున్నవాళ్ళు అంతకుముందు లేరు.

ఉమ్ము ఇమ్మన్నారు. దాంతో ఎవరి రక్తమో తెలుస్తుందట. షెపా కొడుకులు ఇచ్చారు. మా అక్క ఎవరి ఉమ్ము ఇస్తుంది? బావకి బిడ్డల్లేరు, తమ్ముళ్ళూ ఆ లారీల్లోనే పోయారు. ఆ మనిషిని పోల్చడానికి ఈ లోకంలో గుడ్డ తప్ప మరో ఆనవాలు లేదు. అందుకని అక్క రోజూ ఎండలో గొయ్యి ఒడ్డున కూర్చునేది. కొంచెం దూరంలో షెపా కూర్చునేది. ఇద్దరి మధ్యా నా రొట్టెల బుట్ట ఉండేది.

ఒక మధ్యాహ్నం తవ్వే పిల్ల అక్కను చెయ్యూపి పిలిచింది. లోపల పక్కకు తిరిగి పడుకున్న మనిషి ఎముకలు. తలకు చుట్టి గుడ్డ ఉంది. మట్టి రంగే అయిపోయింది కానీ, ఆ పిల్ల నీళ్ళు చిలకరించి బ్రష్‌తో అద్దేసరికి ఎరుపు తేలింది. తర్వాత డేగ. ఒక తల ముదురు ఊదా, ఒక తల వెలిసిన ఊదా.

"అమ్మమ్మా, ఈ నేత మీకు తెలుసా?" అంది ఆ పిల్ల, వచ్చీరాని మా కిచే భాషలో.

"నాదే" అంది అక్క. "ఆ వెలిసింది నా పెళ్ళి రవిక."

ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి. "ఇన్నేళ్ళకి దొరికాడు అమ్మమ్మా. మీ ఆయన పేరు చెప్పండి, రాసుకుంటాను."

అక్క తల పక్కకు తిప్పింది. పైన గట్టు మీద షెపా నిలబడి ఉంది. ఆవిడ నోరు విప్పలేదు. ఆ గొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళలో గుడ్డలు మారిన సంగతి తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే. ఆ గుడ్డ అక్కదే. అందుకే ఆ మనిషి మా బావ కాదు. ముప్పై ఏళ్ళుగా అక్క ప్రాణాలు ఉగ్గబట్టుకున్నది మొగుడి తల మీది షెపా గుడ్డ కోసం, కనపడింది తన గుడ్డ, దాంతో ఆవిడ మొగుడు మళ్ళీ పోయాడు.

నేను అక్క చెవిలో, "ఊరుకో అక్కా. తీసుకుపోదాం. ఎవరికి తెలుసు?" అన్నాను. అలా అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. మా అక్క పడ్డది చూస్తే మీరూ అనేవాళ్ళు.

"నోర్ముయ్" అంది అక్క. గోతిలోకి దిగింది. ఆ తల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ మీద చెయ్యి వేసింది. తర్వాత తలెత్తి, ముప్పై ఏళ్ళుగా మాట్లాడని మనిషిని పేరు పెట్టి పిలిచింది.

"షెపా! రావే. మతియాస్ ఇక్కడున్నాడు."

షెపా గట్టు మీదే కూలబడిపోయింది. ఆవిడ ఏడుపు అవతలి కొండదాకా వినిపించింది. మా అక్క పైకొచ్చి నా బుట్ట పక్కన కూర్చుని, ఒక రొట్టె తీసుకుని, ముక్కలు ముక్కలుగా తుంచి చీమలకు వేసింది. "నాకెందుకు కనపడాలే అది? కనపడకుండా ఉన్నా బాగుండేది" అంది.

కొన్ని నెలలకు పట్నంవాళ్ళ పరీక్షలు కూడా అదే చెప్పాయి. మతియాస్ ఎముకలు చిన్న పెట్టెలో ఇంటికొచ్చాయి. గుడ్డను విడిగా కాగితంలో చుట్టి ఇచ్చారు.

ఆ మర్నాడు షెపా మా గుమ్మం ముందు నిలబడింది. చేతుల మీద మడతపెట్టిన తలగుడ్డ, వాగు నీళ్ళ వాసన ఇంకా పోలేదు. వెనక ఆవిడ కోడలు కొవ్వొత్తీ పానకం చెంబూ పట్టుకుని, ఇదంతా ఏమిటో అర్థంకాక దిక్కులు చూస్తోంది.

"మీ ఇంటి గుడ్డ మీ ఇంటికొచ్చింది" అంది షెపా. మడత ఒకసారి సరిచేసి, మిగతా సగం కూడా అంది. "మా ఇంటి గుడ్డ మా ఇంటికి పంపండి."

అక్క రెండు చేతులూ ముందుకు చాచింది. వాటిల్లో ఏమీ లేదు. "నా దగ్గర లేదే" అంది.

"తెలుసు. అనాల్సిన మాట కాబట్టి అన్నాను."

"లోపలికి రా. పానకం చల్లారిపోతుంది."

ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. షెపా కళ్ళు అప్పటికే మసకబారాయి, గిన్నె అందుకోవడానికి చెయ్యి వెతుక్కుంది. అక్క ఆ చేతికి గిన్నె అందించి, "గోతి దగ్గర నువ్వెందుకు నోరెత్తలేదే? నీ మొగుడని నీకు తెలుసుగా" అంది.

"ముప్పై ఏళ్ళు నీ మొగుణ్ణి తిట్టిన నోరే ఇది. దీంతో మళ్ళీ నీ దగ్గర్నుంచి ఎలా లాక్కోను? నువ్వు తీసుకుపోతే తీసుకుపోదువులే అనుకున్నాను." షెపా పానకం తాగలేదు. "రేపు మట్టిలో పెడుతున్నాం తాలిన్. ముఖాన కప్పడానికి ఏమీ లేదు. నేద్దామంటే ఈ కళ్ళకు పోగు కనపడదు. కోడలు నేస్తానంటోంది, అది చెల్లదని దానికెలా చెప్పను? వాడు ఉత్త ముఖంతో పోతాడు."

మా అక్క ఆ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని డేగ తలలు రెండూ నిమిరింది. ముప్పై ఏళ్ళకు ఇంటికొచ్చిన గుడ్డ. బావ మెడ చెమట పట్టిన గుడ్డ. ఏదో ఒక రోజున బావ ఎముకలు దొరికితే ఆయన ముఖాన కప్పడానికి ఉన్న ఒకే ఒక్క గుడ్డ. నాకు ఆవిడ ఏం చెయ్యబోతోందో తెలిసిపోయింది. వద్దని అరవాలనిపించింది.

"ఇది కప్పు" అంది అక్క.

"నీకేమైనా పిచ్చా? వాళ్ళ పెద్దలు దీన్ని చూసి గస్పార్ అనుకుంటారు."

"పెద్దలు అనుకుంటారు. గస్పార్ అనుకోడుగా. వాడు ఎక్కడో గుమ్మం బయట నీ గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంటాడు. తన గుడ్డ కట్టుకుని ఒకడు వస్తుంటే చూడడా? మతియాస్ తన గుడ్డని చూడడా? ఒకళ్ళనొకళ్ళు పోల్చుకుని, ఎవరిది వాళ్ళు మార్చుకుని లోపలికి పోతారు. ఎనిమిదో రోజు పని అక్కడే కానివ్వు. నేను పంపాలంటే ఇంకెవరి చేత పంపను?"

మర్నాడు పెట్టె మూసేముందు అక్కే ఆ గుడ్డ కప్పింది. వంగి, "మరిదీ, మర్చిపోకు, ఆయన చేతికే ఇవ్వు" అంది. ఇంటికొచ్చాక పెళ్ళి రవిక తీసి చూసుకుంది. ఊడదీసిన చోట కన్నాలు అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఇద్దరు ముసలమ్మలూ కలిసే వెళ్ళేవాళ్ళు. వెనకాల రొట్టెల బుట్టతో నేను. ఎందుకంటే ఇప్పుడు మా బావను పోల్చాల్సింది అక్క కాదు. బావ తల మీద ఉన్నది షెపా గుడ్డ. గోతిలో ఏ గుడ్డపేలిక దొరికినా అక్క షెపా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టేది. షెపా తడిమి, "నాది కాదే" అనేది. దారి పొడుగునా పోట్లాడుకునేవాళ్ళు. "నెమ్మదిగా నడిపించు, నేను మేకనా?" అని ఈవిడ. "మేకైతే ఈపాటికి అమ్మేసేదాన్ని" అని ఆవిడ. తోడికోడళ్ళంటే ఎలా ఉండాలో అలాగే ఉన్నారు, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా.

చివరిసారి వెళ్ళింది నది అవతల ఊరికి. అప్పటికి షెపాకు చూపు పూర్తిగా పోయింది, దగ్గు పట్టుకుంది. అక్కడ దొరికినవాడు పొడుగాటి మనిషి, మా బావలాగే. తల దగ్గర ఎర్ర గుడ్డ ముక్క. బొమ్మ ఏమీ మిగల్లేదు. అక్క షెపా వేళ్ళను దాని మీద పెట్టింది.

షెపా ఈసారి చాలాసేపు తడిమింది. దగ్గింది. మళ్ళీ తడిమింది.

"నాదే" అంది. "ఇది నాదే తాలిన్. దొరికాడు. తీసుకుపో."

నా చేతిలో బుట్ట కింద పడిపోయింది. రొట్టెలన్నీ మట్టిలో దొర్లాయి. నేను దణ్ణం పెట్టుకుంటూ ఏడుస్తున్నాను. తవ్వే పిల్లలు కాగితం తీశారు. అక్క మాత్రం ఆ ముక్కను తన చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఎడమ అంచు పొడుగునా మెల్లగా రాసింది. ఒక కొస నుంచి ఇంకో కొసకు. మళ్ళీ వెనక్కి.

"కాదు నాయనా" అంది ఆ పిల్లలతో. "పాపం, ఆవిడకు చూపు లేదు. ఇది ఇంకెవరో ఇల్లాలు నేసింది. జాగ్రత్తగా పెట్టండి. వస్తుంది, ఎక్కడున్నా వస్తుంది ఆవిడ."

తిరుగు ప్రయాణంలో లారీ వెనక బస్తాల మీద కూర్చున్నాం. షెపా అక్క మీద విరుచుకుపడింది.

"ఎందుకు కాదన్నావే? నేను అంటే నమ్మారుగా. నేనింక ఎన్నాళ్ళుంటాను? నేను పోతే నీ మొగుణ్ణి ఎవరు పోలుస్తారు? ఒక పెట్టె ఇంటికెళ్ళేది. కొవ్వొత్తి పెట్టుకోవడానికి ఒక చోటుండేది నీకు."

"దాని అంచు తిన్నగా ఉందే" అంది అక్క.

"ఏమిటీ?"

"గీత గీసినట్టు తిన్నగా ఉంది. నీ అంచు నాకు తెలియదనుకున్నావా? ముప్పై ఏళ్ళు ప్రతి ఆదివారం గుడిలో నీ వెనక కూర్చుని ప్రార్థన మానేసి నీ అంచే చూశాను, ఏ పోగు ఎక్కడ తూలిందా, ఇంకేం వంక పెడదామా అని. చీకట్లో ఇచ్చినా పోలుస్తాను. నీకంటే నాకే బాగా తెలుసు."

లారీ గుంటలో పడి లేచింది. "అయితే ఈ గుడ్డిదాన్ని ఊరూరా ఎందుకు ఈడ్చుకు తిరిగావే?"

"ఒక్కదాన్నీ ఆ గోతుల్లోకి చూడలేక" అంది అక్క.

షెపా చెయ్యి వెతుక్కుంటూ వచ్చి అక్క మోకాలి మీద ఆగింది. ఊరొచ్చేదాకా తియ్యలేదు.

వానలు పడకముందే షెపా పోయింది. ఆడమనిషి నేసి కట్టుకున్నవన్నీ ఆవిడతోనే మట్టిలోకి పోవాలి, పోయాయి. కొడుకుల ఇళ్ళల్లో వెతికితే షెపా చేతి నేత జానెడు ముక్క కూడా మిగల్లేదు.

ఆ వారమే అక్క వసారా స్తంభానికి మగ్గం కట్టింది. తనకి డెబ్బై దాటాయి, కళ్ళకు పొర కమ్ముతోంది.

"నువ్వు నేర్చుకోవాలే" అంది నాతో.

"ఈ వయసులోనా? నాకు నేత రాదు మొర్రో!"

"నెయ్యక్కర్లేదు. షెపా ఎడమ అంచు ఎలా ఉంటుందో వేలితో పోల్చగలిగితే చాలు. నా తర్వాత తవ్వేచోటుకి వెళ్ళాల్సింది నువ్వే కదా. ఒక ముక్క నేసి ఇస్తాను, దగ్గర పెట్టుకో."

కానీ ఎంత నేసినా అంచు తిన్నగానే వస్తోంది. విప్పేది, మళ్ళీ నేసేది. కావాలని పేక వదిలిపెట్టి చూసింది, కావాలని చేసిన వంకర కావాలని చేసినట్టే కనపడింది. ఎడమకు ఒరిగి కూర్చుని చూసింది, చేతులు వాటంతటవే సరిచేసుకున్నాయి. జీవితమంతా ఏ పనితనానికి పొగరుపడిందో అదే ఆవిడ మాట వినడం లేదు. పేకను బిగించే బద్ద కర్ర విసిరికొట్టి ఏడ్చింది. బావను తీసుకుపోయిన రోజున కూడా మా అక్క అలా ఏడవగా చూడలేదు.

తర్వాత ముఖం తుడుచుకుని, "లోపల్నుంచి మొక్కజొన్నల మూట పట్రా" అంది. రాత్రి రొట్టెలకని నేను కట్టిపెట్టుకున్న మూట. తన శాలువా విప్పి, ఆ మూటను అందులో వేసి, ఎడమ తుంటి మీద పడేట్టు భుజానికి ముడివేయించుకుంది. మళ్ళీ మగ్గం ముందు కూర్చుంది.

ఈసారి అంచు వాలింది. పోగు పోగుకీ లోపలికీ బయటికీ, అచ్చం షెపా అంచులా. తాగినవాడు ఇంటికి నడిచినట్టు.

"ఇంత బరువుంటారా పెత్రోనా?" అంది అక్క, మగ్గం మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ కుడిచేత్తో పేక వేస్తోంది. ఎడమచెయ్యి మధ్యమధ్యలో మూట మీదికి పోయి రెండుసార్లు మెల్లగా తట్టి వస్తోంది. అది ఆవిడకు తెలిసినట్టు లేదు.

ఆ ముక్క ఇప్పుడు నా నడికట్టులో ఉంది. ఎక్కడ తవ్వినా వెళ్తున్నాను, బావ ఇంకా దొరకలేదు. కానీ ఆ రోజు సంగతి చెప్పాలి. ముక్క అయిపోయింది, కోసి నా చేతిలో పెట్టింది, మగ్గం చుట్టేసింది. అయినా మూట విప్పకుండా అక్క వసారాలోనే కూర్చుంది. పొద్దు వాలింది, పొయ్యి రాజేశాను. రొట్టెలకు మొక్కజొన్నలు కావాలి, ఆ మూట ఇవ్వమని మాత్రం అడగలేకపోయాను.